ఆ పడవలో ఎందరున్నారు?

విద్యార్థి సంఘం మిత్రులు సావనీరుకి వ్యాసం అడుగుతూ ఒక షరతు పెట్టారు. “మాస్టారూ, పాటల గురించి రాయండి. కానీ పాత పాటలు గొప్పవి, కొత్త పాటలు చెత్తవి అని మాత్రం రాయొద్దు” అన్నారు. షరతు న్యాయంగానే ఉంది కనుక ఒప్పుకున్నాను. ఈనాటి కుర్రవాళ్లు చెవిలో చిన్న బుడిపెలు పెట్టుకుని అమెరికా వాళ్ల ‘రిథమ్ అండ్ బ్లూస్’ యుగళగీతాలు వింటూ ఉంటారని నాకు తెలుసు. వాటిలోనూ చాలా మంచివి ఉన్నాయి. అందుకని ఈ వ్యాసంలో వాళ్ల పాటనొకదాన్నీ, మన పాటనొకదాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక ప్రేమపాట తరాలు దాటి ఎలా బతుకుతుందో, దాన్ని బతికించినవాళ్లు ఎవరో చెప్పే ప్రయత్నం చేస్తాను.

మన పాట అంటే ఏ పాట? వేరే ఆలోచించనక్కర్లేదు. 1957 మార్చి 27న విడుదలైన విజయావారి ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’. వెన్నెల రాత్రి, నది మీద పడవ, అందులో ఒక జంట. తెలుగు దేశంలో ఈ పాట తెలియని ఇల్లు ఉంటుందని నేననుకోను.

ఇంత తెలిసిన పాట గురించి మనకు ఎంత తెలుసు? ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఈ పాట ఎవరిది అని ఎవరినైనా అడగండి. ఒకరు “నాగేశ్వరరావు పాట” అంటారు, ఒకరు “రామారావు పాట” అంటారు, ఇంకొకరు “ఘంటసాల పాట” అంటారు, పెద్దవాళ్లు “సావిత్రి పాట” అంటారు. అందరూ నిజమే చెబుతున్నారు, ఎవరూ పూర్తిగా చెప్పడం లేదు. కాబట్టి వరసగా చూద్దాం, ఆ పడవలో అసలు ఎందరున్నారో.

మొదట మాట. పాట రాసినది పింగళి నాగేంద్రరావు. ఆ సినిమాకు కథ, మాటలు, పాటలు ఆయనవే. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఆమె మన జానపదుల అమ్మాయి, మన నాటకాల అమ్మాయి. ‘శశిరేఖా పరిణయం’ కథను వీధి నాటకాలూ, సురభి వారి నాటకాలూ ఊరూరా ఆడాయి. పింగళివారు ఆ కథని తీసుకుని తన సొంత మాటలతో నింపారు. ‘అసమదీయులు, తసమదీయులు’, ‘వీరతాడు’ వంటి మాటలు మన ఇళ్లలో ఇప్పటికీ దొర్లుతున్నాయంటే అది ఆయన చలవ.

ఇక ‘లాహిరి’. లాహిరి అంటే మత్తు, మైకం. దాని పక్కనే సంస్కృతంలో ‘లహరి’ ఉంది. లహరి అంటే అల. సౌందర్యలహరి, శివానందలహరి అన్న పేర్లు వినే ఉంటారు. పడవ అల మీద ఊగుతుంది, మనసు మత్తులో ఊగుతుంది. రెండు ఊపులూ వినబడేలా ఆయన ఒక్క మాట పట్టుకున్నారు. తెలుగు బి.ఎ. విద్యార్థులు ఇంకొకటి గమనించండి. ‘లా’ గురువు, ‘హి’ లఘువు, ‘రి’ లఘువు. అంటే భగణం. ఉత్పలమాల పద్యం మొదలయ్యేది ఈ గణంతోనే. నాలుగు మాత్రల ఈ గణాన్ని మూడుసార్లు వరసగా వేసేసరికి మొదట బరువు, వెంటనే రెండు తేలికలు పడి, తెడ్డు నీళ్లలో పడి లేచినట్టు ఉంటుంది. సంగీతం ఇంకా మొదలు కాకముందే మాటలోనే లయ ఉందన్నమాట.

తర్వాత బాణీ. పాటని మోహన రాగం మీద కట్టారు. మోహనంలో స్వరాలు ఐదే: స, రి, గ, ప, ధ. మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. శాస్త్రం రాని వాళ్లు కూడా దీన్ని పరీక్షించవచ్చు. హార్మోనియం మీద నల్లమెట్లు ఒకచోట రెండు, ఒకచోట మూడు గుంపులుగా ఉంటాయి. మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జంగా పెట్టుకుని, తెల్లమెట్లు ముట్టుకోకుండా నల్లవాటినే వరసగా నొక్కుతూ పైకి వెళ్లండి. అదే మోహనం ఆరోహణ. త్యాగరాజస్వామి ‘నను పాలింప’ కీర్తన ఈ రాగంలోనే ఉంది. హిందుస్తానీ వాళ్ల భూప్ రాగంలోనూ ఈ స్వరాలే ఉన్నాయి.

విచిత్రమేమిటంటే ఈ ఐదు స్వరాల మెట్లే అమెరికా నల్లజాతి వారి భజన పాటల్లోనూ, జానపదాల్లోనూ, వాటినుంచి పుట్టిన రిథమ్ అండ్ బ్లూస్‌లోనూ విస్తారంగా వినిపిస్తాయి. టెంప్టేషన్స్ బృందం 1964లో పాడిన ‘మై గర్ల్’ పాట ఎత్తుగడలో గిటారు మీద ఒక చిన్న తునక మెట్లెక్కుతుంది. అది అక్షరాలా స రి గ ప ధ స. దాన్ని వాయించినాయన పేరు రాబర్ట్ వైట్. ఆయన మోహనం నేర్చుకుని వాయించాడని నేననడం లేదు. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. మన గమకం వేరు, వాళ్ల స్వరాన్ని వంచే తీరు వేరు. కానీ కృష్ణా జిల్లా గొంతుకీ, డెట్రాయిట్ నగరపు గిటారుకీ ఒకే ఐదు మెట్లు చాలాయన్నది మాత్రం నిజం. కుర్రవాళ్లకు ఆ పాట నచ్చితే పెద్దవాళ్లు ముఖం చిట్లించుకోనక్కర్లేదు. ఇంట్లో వినబడే చప్పుడే అది.

ఆ బాణీ ఎవరిది? ఇక్కడే అసలు సంగతి ఉంది. సినిమా పేర్లలో సంగీత దర్శకుడుగా కనిపించేది ఘంటసాల వెంకటేశ్వరరావు. కానీ ఆ సినిమాకు మొదట పనిచేసినవారు సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారనీ, వాటిలో ‘లాహిరి’ ఒకటనీ, వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేయించినది ఘంటసాల అనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. సాలూరివారు అప్పటికే ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’ చేసిన మనిషి. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రం చదువుకుని, ‘పాతాళభైరవి’కి సంగీతం చేసిన మనిషి. ఇద్దరూ 1922లోనే పుట్టారు. ఒకరు నాటిన మొక్కకి ఇంకొకరు నీళ్లు పోసి పెంచారు. సాలూరి బాణీని మార్చేసి తన ముద్ర వేసుకోవాలని ఘంటసాల చూడలేదు. ఇది నాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. కానీ తెరమీద పడే పేరు ఒకటే కావడంతో సగటు శ్రోతకు మొదటి మనిషి కనబడకుండా పోయాడు.

గొంతులు చూద్దాం. మగ గొంతు ఘంటసాల. ఆడ గొంతు పి.లీల. శశిరేఖ అచ్చ తెలుగు పిల్లలా వినబడుతుంది కదా, ఆ గొంతు గల లీల కేరళలోని పాలక్కాడు ప్రాంతపు చిత్తూరులో పుట్టిన మలయాళీ. ముఖం మన సావిత్రిది. ఆమె ఉమ్మడి గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల. వెన్నెల మార్కస్ బార్ట్‌లేది. ఆయన సింహళంలో పుట్టిన ఆంగ్లో ఇండియన్ ఛాయాగ్రాహకుడు. నలుపు తెలుపు ఫిల్ములో వెన్నెలకి రంగు ఉండదు. వెలుగు ఎంత, నీడ ఎంత అన్న కొలతే వెన్నెల. ఆ కొలత తెలిసినవాడు కాబట్టే ఈనాటికీ ‘బార్ట్‌లే వెన్నెల’ అంటారు. వీళ్లందరినీ ఒక తాటిమీద నడిపినది తాడిపత్రి మనిషి కె.వి.రెడ్డి. మనం ‘అచ్చమైన తెలుగు పాట’ అని మురిసిపోయే పాటలో తెలుగు కానివాళ్లు ఎంతమంది చెయ్యివేశారో చూడండి.

ఆ పడవలోకి ఎక్కినవాళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. మామూలు యుగళగీతంలో నాయకుడూ నాయికా తప్ప మూడో మనిషి కనబడితే పాట చెడిపోయినట్టే లెక్క. ఇక్కడ కె.వి.రెడ్డిగారు చేసిన పని చూడండి. ఒకే పాటలో మూడు జంటలు విహరిస్తాయి. అభిమన్యుడూ శశిరేఖా ఒక జంట. కృష్ణుడూ రుక్మిణీ ఒక జంట. బలరాముడూ రేవతీ ఒక జంట. నాగేశ్వరరావు, సావిత్రి; రామారావు, సంధ్య; గుమ్మడి, ఛాయాదేవి. తెరమీద జంట మారినా గొంతుల జంట మారదు. ఘంటసాల, లీలలే. పెళ్లి కావలసిన పిల్లలకీ, పెళ్లయి ఏళ్లు గడిచిన పెద్దలకీ ఒకే బాణీ, ఒకే వెన్నెల.

ఈ పాట తరాలు దాటడానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా అభిప్రాయం. చాలా ప్రేమపాటలు తలుపు వేసుకుంటాయి. వింటున్న మనం కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. ఈ పాట జాగా ఇచ్చింది. వయసులో ఉన్నవాడూ ఎక్కవచ్చు, నడివయసు వాడూ ఎక్కవచ్చు. అమ్మానాన్నల పక్కన కూర్చుని పిల్లలు సిగ్గు లేకుండా వినగలిగిన ప్రేమపాట ఇది. ఎందుకంటే ఆ పడవలో అమ్మానాన్నలు కూడా ఉన్నారు!

తమిళంలో ఏం జరిగిందో తెలిస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళ ‘మాయాబజార్’ వచ్చింది. అదే బాణీ, అవే గొంతులు. అక్కడ పడవలో సావిత్రి పక్కన కూర్చున్న అభిమన్యుడు జెమినీ గణేశన్. పాట ఒక్క మాట కూడా అనకుండా కొత్త మనిషిని ఎక్కించుకుంది.

మా ఊరి సంగతి కూడా చెప్పనివ్వండి. మాది శావల్యాపురం. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలుమార్గంలో నరసరావుపేట దాటాక, వినుకొండకు ముందు వస్తుంది. అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. మా చిన్నప్పుడు పెళ్లింట మైకుసెట్టు కట్టారంటే, భక్తి పాటలు అయిపోగానే నల్లరేకు మీద ముల్లు పడి వచ్చే పాటల్లో ఇది ఉండి తీరేది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల మీద రాత్రంతా పాటకచేరీలు నడుస్తాయి. కొత్త పాటల హోరు నడుమ తెల్లవారుజామున ఎవరో ఒకరు దీన్ని ఎత్తుకుంటే, అప్పటిదాకా నిద్రపోతున్న ముసలివాళ్లు లేచి కూర్చోవడం నేను చూశాను. ఊరేగింపులో పెళ్లికొడుకు కారు ముందు బ్యాండుమేళం వాళ్లు దీన్ని వాయిస్తారు. క్లారినెట్టు మీద ఆ మొదటి మాట మూడుసార్లు పలికేసరికి, ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ అన్న తేడా లేకుండా అందరి తలలూ ఒకే లెక్కలో ఊగుతాయి.

మా వైపు పెళ్లిళ్లకు ఏళ్ల తరబడి క్లారినెట్టు వాయించిన ఒక పెద్దాయన ఉండేవాడు. చదువు లేదు. రాగం పేరు అడిగితే “అదేందో నాకు తెల్వదు బాబూ, ఐదు బొక్కల మీద పనంతా అయిపోద్ది” అనేవాడు. మోహనానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను పుస్తకాల్లో చదవలేదు. ఒక పెళ్లిలో శుభలేఖ చూశాను. పురోహితుడి పేరు ఉంది, వంటమేస్త్రీ పేరు ఉంది, వీడియో వాడి పేరు ఫోను నంబరుతో సహా ఉంది. ఆయన పేరు లేదు. ‘బ్యాండుమేళం’ అని మాత్రం ఉంది. భోజనాల దగ్గర కూడా వాళ్ల బంతి అందరి తర్వాతే. ఆయన ఏమీ అనలేదు. నాకే ఆ రోజు పాట వినబుద్ధి కాలేదు.

ఇప్పుడు అమెరికా పాట దగ్గరికి వెళదాం. ఈ సంగతే అక్కడ ఇంకో రూపంలో కనిపిస్తుంది. నల్లవాళ్ల పాటల రికార్డులను అక్కడి వ్యాపారులు చాలాకాలం ‘రేస్ రికార్డులు’ అని, అంటే జాతి పేరుతో వేరుగా పెట్టి అమ్మేవారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచన మీద ఆ పట్టికకు ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్న పేరు వచ్చింది. ఆ సంగీతంలో యుగళగీతం అనగానే గుర్తొచ్చే జంట మార్విన్ గే, టామీ టెరెల్. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ 1967లో విడుదల చేసిన ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఇనఫ్’ వాళ్లకి పేరు తెచ్చిన పాట. ఏ కొండా, ఏ లోయా, ఏ నదీ నిన్ను చేరకుండా నన్ను ఆపలేదన్నది దాని భావం. రాసినవాళ్లు నికొలస్ యాష్‌ఫర్డ్, వలెరీ సింప్సన్ అనే జంట. తర్వాత 1974లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఆ పాట వింటే ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ పాడినట్టు ఉంటుంది. నిజానికి టామీ తన భాగం ముందు ఒంటరిగా పాడింది, మార్విన్ గొంతు తర్వాత చేర్చారు. మన మద్రాసు పద్ధతి ఆ రోజుల్లో దీనికి పూర్తిగా భిన్నం. గాయకులూ వాద్యకారులూ ఒకే గదిలో, ఒకేసారి, మొదటినుంచి చివరిదాకా పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలెట్టాలి.

ఆ అమ్మాయి కథ విషాదం. 1967 అక్టోబరులో వర్జీనియాలోని హాంప్డెన్-సిడ్నీ కాలేజీలో, మనలాంటి విద్యార్థుల ఎదుట పాడుతూ పాడుతూ మార్విన్ చేతుల్లోకి ఒరిగిపోయింది. మెదడులో కంతి అని తేలింది. 1970 మార్చి 16న, ఇరవై నాలుగేళ్ల వయసులో పోయింది. అదే ఏడాది డయానా రాస్ ఆ పాటను తన పద్ధతిలో పాడితే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. పాడిన మనిషి పోయినా పాట ఇంకొకరిని ఎక్కించుకుని సాగింది. మన పడవ లక్షణమే అది.

మరి ఆ పాట వెనక వాయించినవాళ్లు? మోటౌన్ స్టూడియోలో ‘ఫంక్ బ్రదర్స్’ అనే వాద్యబృందం ఉండేది. ఇందాక చెప్పిన రాబర్ట్ వైట్ వాళ్లలో ఒకడు. కంపెనీ పాటల్లో ఎన్నో ప్రసిద్ధమైనవి వాళ్ల చేతుల మీదుగా వచ్చినవే. అయినా అట్ట మీద వాళ్ల పేర్లు వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బంతోగాని ఆ కంపెనీ అట్ట మీద వాళ్ల పేర్లకు చోటు దొరకలేదు. ప్రపంచం చిందులు వేసింది వాళ్ల లయకి, గుర్తు పెట్టుకున్నది మాత్రం ముందు నిలబడినవాళ్లని. డెట్రాయిట్ గిటారిస్టుకీ మా క్లారినెట్టు పెద్దాయనకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

‘లాహిరి’ తర్వాత ఏమైంది? 2002లో వై.వి.ఎస్.చౌదరి తన సినిమాకు ఆ పల్లవినే పేరుగా పెట్టుకున్నారు. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. బార్ట్‌లే వెన్నెలకి రంగు అవసరమా అని పెద్దలు వాదించుకున్నా, రంగు లేకపోతే సినిమా చూడని పిల్లలు కొందరు ఆ వంకనైనా చూశారు. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో అది భారతదేశపు అత్యుత్తమ చిత్రంగా నిలిచింది. 2018లో ‘మహానటి’ వచ్చాక సావిత్రిని ఎరగని తరం కూడా శశిరేఖను వెతుక్కుంటూ వెనక్కి వెళ్లింది.

ఇవన్నీ సంతోషించవలసినవే. కానీ వారసత్వం అంటే పాట వినబడుతూ ఉండడం ఒక్కటే కాదు. ఈనాడు ఫోనులో పాట వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. పైన బొమ్మ ఉంటుంది, హీరో పేరు ఉంటుంది, ఒక్కోసారి గాయకుడి పేరు ఉంటుంది. రాసినవాడూ బాణీ కట్టినవాడూ ఉంటే ఉంటారు, లేకపోతే లేదు. పాట దొరకడం సులువైన కొద్దీ పాటగాళ్లు జారిపోతున్నారు. ఆస్తి చేతికి వచ్చి, ఇచ్చిన తాత పేరు మరచినట్టుంది మన వ్యవహారం.

మిత్రులారా, దీనికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు. మన కాలేజీ వార్షికోత్సవంలో ప్రతి ఏడాదీ కనీసం పది పాటలు పాడతారు. మైకు ముందు నిలబడే వ్యాఖ్యాత ప్రతి పాటకూ ముందు ఒక్క నిమిషం తీసుకుని, రాసినది ఫలానావారు, బాణీ ఫలానావారిది, మొదట పాడినది ఫలానా ఇద్దరు అని చెబితే చాలు. పాట అయ్యాక తబలా వాయించిన కుర్రవాడి పేరూ, కీబోర్డు వాయించిన అమ్మాయి పేరూ, వాళ్లు ఏ క్లాసు వాళ్లో చెప్పి చప్పట్లు కొట్టించండి. వచ్చే ఏడాది ఇదే సావనీరులో కార్యక్రమాల పట్టికలో ఆ పేర్లు అచ్చువేయండి. మీ ఇంట్లో పెళ్లయితే, శుభలేఖలో బ్యాండుమేళం నాయకుడి పేరు వేయించండి, వాళ్లని మొదటి బంతిలో కూర్చోబెట్టండి. ఖర్చు ఒక్క పంక్తి అచ్చు, నాలుగు విస్తళ్లు.

‘లాహిరి’ ఎవరి పాట అని ఎవరైనా అడిగితే ఇక తడుముకోవద్దు. మాట పింగళిది, బాణీ సాలూరిది, వాద్యగోష్ఠి ఘంటసాలది, గొంతులు ఘంటసాల, లీలలవి, వెన్నెల బార్ట్‌లేది, పడవ నడిపినది కె.వి.రెడ్డి అని చెప్పండి. వెనక కూర్చుని వాయించినవాళ్లు ఇంకా ఉన్నారని కూడా చెప్పండి. చెప్పడం అయ్యాక, మీకు శ్రుతి ఉన్నా లేకపోయినా, ఒకసారి పాడండి.